ఈశాన్యం మూల చాటు

పెళ్ళయిన కొత్తలో ఆడపిల్లలు అత్తవారింట్లో ఏ డబ్బాలో పోపుగింజలున్నాయో, ఏ అలమర తమదో చూసుకుంటారు. హరిణి మాత్రం ఏ డ్రమ్ము వెనక మనిషి నిండుగా దాక్కోవచ్చో, ఏ టైర్ల దొంతర వెనక నుంచి తల ఎత్తకుండా తుపాకీ పేల్చవచ్చో చూసుకుంది. ఇదేం కాపురమే అని స్నేహితురాళ్ళు అడిగితే నవ్వేసేది.

పంజాగుట్ట చౌరస్తా నుంచి అమీర్‌పేట వైపు వస్తుంటే, పెద్ద పెద్ద బట్టల షాపుల వెనక ఒక సందు ఉంది. ఆ సందు చివర హరిణి మామగారు సాయిలు జాగా. మూడు వైపులా గోడ, నాలుగో వైపు రేకుల గేటు. ఆయనకి టెంట్‌హౌస్ వ్యాపారం. షామియానాలు, కుర్చీలు, వంట గుండిగలు అన్నీ అక్కడే ఉండేవి. సామానంతా యూసఫ్‌గూడలో పెద్ద షెడ్డుకి మారాక జాగా ఖాళీ అయింది. ఆ ఖాళీలో హరిణి, ఆమె మొగుడు రిషి కలిసి పెయింట్‌బాల్ ఆట పెడుతున్నారు.

ఊరంతా సాఫ్ట్‌వేరు మయమైన రోజులవి. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లుండే మైత్రీవనం మెట్ల మీద నుంచి కళ్ళు మూసుకుని రాయి విసిరితే జావా నేర్చుకునేవాడికైనా తగలాలి, నేర్పేవాడికైనా తగలాలి. రిషి, హరిణి ఒకరికొకరు తగిలింది కూడా ఆ మెట్ల మీదే, ఒకే బ్యాచిలో. కంపెనీలు తమ ఉద్యోగుల్ని శనివారం ఆటలకి తీసుకెళ్ళడం అప్పుడప్పుడే మొదలైంది. కానీ ఊరి బయట రిసార్టుకి వెళ్ళి రావడానికే సగం రోజు పోతుంది. ఊరి నడిబొడ్డున ఆడుకునే చోటు ఉంటే? ఇదీ రిషి ఆలోచన.

ఆట చాలా సులువు. గాలితో పేలే తుపాకీలో రంగు నిండిన గోళీలు ఉంటాయి. గోళీ మనిషికి తగిలి పగిలిందా, ఆ మనిషి అవుట్. మొహానికి మాస్కు తప్పనిసరి. తక్కినదంతా దాక్కోవడమే. "తుపాకీ ఎవరైనా కొంటరు హరిణీ," అనేవాడు రిషి. "మన దగ్గర చాటు ఎట్లుందన్నదే ఆట."

ఆ చాట్ల కోసం ఇద్దరూ స్కూటర్ మీద ఊరంతా తిరిగారు. మొదట టెంట్‌హౌస్ కనాతులే కట్టి చూశారు. వేలాడే గుడ్డకి తగిలిన గోళీ పగలకుండా, పడుకోబెట్టిన పసిపిల్లలా మెత్తగా కిందికి జారేది. గాలొస్తే కనాతు ఎగిరి వెనకున్న మనిషి బయటపడేవాడు. అందుకని కనాతులు తీసేసి, కోచింగ్ సెంటర్లవాళ్ళు బ్యాచి అయిపోయాక పీకేసిన ఫ్లెక్సీలు తెచ్చి, ఇనప పైపుల చట్రాలకి డోలు చర్మంలా బిగించారు. ఇప్పుడు ఆ ఫ్లెక్సీల మీది జావా సార్ చేతులు కట్టుకుని, 'ఉద్యోగం గ్యారంటీ' అన్న అక్షరాల కింద నవ్వుతూ నిలబడతాడు. గోళీ తగిలిన ప్రతిసారీ ఆయన పళ్ళు పచ్చగా మెరుస్తాయి. నూనె డ్రమ్ములు గట్టివే కానీ, తగిలితే ఠంగుమని మోగి వెనకున్నవాళ్ళ గుండె జారిపోతుంది. టెలిఫోను తీగలు చుట్టే పెద్ద చెక్క చక్రాలు నిలబెడితే మనిషంత ఎత్తు. ఇసక బస్తాలు మోకాలెత్తున వరసగా పేరిస్తే, వాటి వెనక పాములా పాకుతూ పోవచ్చు. బస్తాల వెనక రిషి మొదటిసారి పాకినప్పుడు హరిణి నవ్వీ నవ్వీ కొత్త నల్లపూసలు మెడలో మెలిపడిపోయాయి.

సాయిలు రోజూ సాయంత్రం వచ్చి చూసి, తల గోక్కుని వెళ్ళేవాడు. చివరికి ఒకరోజు కోడల్ని పిలిచాడు.

"బిడ్డా, ఉన్నమాట చెప్త. శనివారం కంపెనోళ్ళు వస్తున్నరంటివి. వాళ్ళు మంచిగుంది, మల్ల వస్తం అన్నరనుకో, గీ జాగ మీదే. లేకపోతె సోమవారం నుంచి రాజనర్సయ్యకు ఇచ్చేస్త. కోచింగ్ పోరగాండ్ల బండ్లకు పార్కింగ్ పెట్టుకుంటనని అడుగుతుండు."

"ఒక్క శనివారానికేనా మామయ్యగారూ?"

"కొడుకువాయె, కోడలివాయె అని నేను ఊకుంటగని, జాగ ఊకుంటదా?"

న్యాయమే. హరిణికి కోపం కూడా రాలేదు. శనివారానికి ఇంకా టైముంది కదా అనుకుంది. సరిగ్గా అప్పుడే హరిణి నాన్న చక్రపాణి గారు వచ్చారు.

ఆయన కాకినాడ వైపు నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరై, ఎస్.ఆర్.నగర్‌లో స్థిరపడ్డ మనిషి. చొక్కా జేబులో పెన్ను ఉండకపోయినా దిక్సూచి ఉంటుంది. వాస్తు కోసం సొంతింట్లో మెట్లు ఇటువి అటు మార్పించి, కొన్నాళ్ళు నిచ్చెన మీద నుంచి మేడెక్కిన ఘనుడు. కూతురు తనకి నచ్చినవాణ్ణి చేసుకుంటానంటే పెళ్ళి దగ్గరుండి జరిపించారు కానీ, అల్లుడితో నేరుగా మాట్లాడటం ఇంకా మొదలుపెట్టలేదు. ఏదున్నా కూతురి మీదుగానే. అలాంటి మనిషి తనంతట తాను వచ్చి, గేటు దగ్గర చెప్పులు విడిచి, మైదానం మధ్యలో నిలబడి దిక్సూచి తీశారు.

"ఏంటమ్మా ఇది? ఈశాన్యంలో ఇన్ని డ్రమ్ములా? అతనికి ఎవరూ చెప్పలేదా?"

'అతను' అంటే రిషి. పక్కనే ఉన్నాడు.

"నాన్నా, ఇది ఇల్లు కాదు కదా..."

"వ్యాపారం కాదూ? ఈశాన్యం ఎంత తేలిగ్గా ఉంటే అంత మంచిది. బరువంతా నైరుతిలో పడాలి. అక్కడో బిందెడు నీళ్ళు పెట్టండి చాలు."

హరిణి నోరు తెరవబోయింది. రిషి ఆమె మోచెయ్యి పట్టుకుని చెవిలో గుసగుసలాడాడు. "మామయ్య ఫస్ట్ టైం మన జాగల అడుగుపెట్టిండు. చెప్పనియ్యి. జర అటుఇటు జరిపితె మనకేం పోతది?"

అలా డ్రమ్ములు, టైర్లు, చెక్క చక్రాలు, బస్తాలు, జావా సార్ సహా అందరూ నైరుతికి వలస వెళ్ళారు. ఈశాన్యంలో ఒక స్టూలు, దాని మీద స్టీలు బిందె మిగిలాయి. చక్రపాణి గారు ఎంత తృప్తిపడ్డారంటే, వెళ్తూ వెళ్తూ 'అతనికి' నీళ్ళు తాగమని చెప్పమన్నారు.

ఆ అమరికతో ఆట ఎలా ఉంటుందో ముందే చూసుకోవద్దా అని ఎవరైనా అడగొచ్చు. చూసుకున్నారు! రోజూ సాయంత్రం ఇద్దరూ ఆడారు. కాకపోతే కొత్త దంపతులు కదా, చెరో మూలకీ పోయి నిలబడటం వాళ్ళకి తోచలేదు. ఇద్దరూ నైరుతిలోనే, ఒకే డ్రమ్ముకి అటు ఒకరు ఇటు ఒకరు చేరి, చుట్టూ తిరుగుతూ కాల్చుకునేవారు. ఇంత మంచి మైదానం ఇండియాలోనే లేదని తేల్చుకుని, అమీర్‌పేటకి నడిచి వెళ్ళి, పొగలు కక్కే మిరపకాయ బజ్జీ చెరి సగం తిని వచ్చేవారు. కారం ఎక్కువైన సగం ఎప్పుడూ రిషిదే.

శనివారం మధ్యాహ్నం బస్సు దిగిన వాళ్ళకి నాయకురాలు సుమశ్రీ. బేగంపేటలోని ఒక కంపెనీలో హెచ్.ఆర్. నిక్కచ్చి మనిషి. తన కంపెనీ వాళ్ళు నెలనెలా ఎక్కడ ఆడాలో ఆమే నిర్ణయిస్తుంది. గేటు దగ్గర నీడలో సాయిలు, చక్రపాణి పక్కపక్క కుర్చీల్లో పెళ్ళిపెద్దల్లా కూర్చున్నారు. వెనక హరిణి అత్తగారు చంద్రమ్మ బిర్యానీ గిన్నెలకి కాపలా.

రిషి ఈల వేశాడు. ఆ ఈల మోత చెవుల్లో ఉండగానే ఈశాన్యం జట్టు మొత్తం రంగుల్లో తడిసి, చేతులెత్తి బయటికి వచ్చేసింది. దాక్కోవడానికి వాళ్ళకి బిందె తప్ప ఏమీ లేదు మరి.

జట్లు మూలలు మారాయి. మళ్ళీ అదే. ఈసారి ఒకడు పరిగెత్తడం కూడా దండగనుకుని, ఈల పడగానే "నన్ను కాల్చేయండి బాసూ, టీ తాగాలి" అని నిలబడిపోయాడు.

"టాస్ గెలిస్తే చాలు, ఆడక్కర్లేదు," అన్నారొకరు. అందరూ నవ్వారు.

సుమశ్రీ హరిణి పక్కకి వచ్చింది. "హరిణి గారూ, ఏమీ అనుకోకండి. మావాళ్ళు ఆట గురించి కన్నా బిర్యానీ గురించి ఎక్కువ మాట్లాడుకుంటున్నారు. ఇంకొక్క ఆట చూసి బయల్దేరతాం."

అంటే మళ్ళీ రామని. హరిణి నైరుతి వైపు చూసింది. అక్కడ ఊళ్ళో ఉన్న చాట్లన్నీ ఉన్నాయి. ఈశాన్యం వైపు చూసింది. బిందె తళతళా మెరుస్తోంది. తప్పెక్కడుందో చంటిపిల్లకైనా తెలుస్తుంది. నాలుగు డ్రమ్ములు ఆ మూలకి దొర్లిస్తే సరిపోతుంది. కానీ నలుగురిలో, వియ్యంకుడి పక్కన కూర్చోబెట్టి, నాన్న మాట తీసి పక్కన పడేయడం ఎలా?

సాయిలు మెల్లగా కదిలించాడు. "బావగారూ, గా మూల జర బోసిగున్నట్టు అనిపిస్తలేదా?"

"బోసిగానే ఉండాలి బావగారూ." చక్రపాణి గారు కాలు మీద కాలేసుకున్నారు. "మూలలో ఏ దోషమూ లేదు. ఆడేవాళ్ళకి ఒడుపు తెలియదు. అటూ ఇటూ చూసుకుని, వంగి, నిలకడగా ఆడాలి."

సుమశ్రీ విననే విన్నది. "అయితే మీరే రండి అంకుల్! మావాడొకడు ఫోను వచ్చి ఆఫీసుకి పరిగెత్తాడు. మాకు ఒకరు తక్కువ."

కంపెనీ పిల్లలందరూ "అంకుల్! అంకుల్!" అని చప్పట్లు మొదలెట్టారు. చక్రపాణి గారు కూతురి వైపు చూశారు, ఏదో ఒక సాకు చెప్పి కాపాడమన్నట్టు. రిషి అటు నుంచి తల అడ్డంగా ఊపాడు. వద్దు, పంపకు. మోకాళ్ళ నొప్పులున్నాయని అంటే చాలు, అందరూ ఊరుకుంటారు. నాన్న గౌరవం నిలుస్తుంది. జాగా మాత్రం సోమవారం పార్కింగ్‌కి పోతుంది.

హరిణి వెళ్ళి మాస్కు తెచ్చింది. నాన్న తల వెనక పట్టీ తనే బిగించింది.

"నాన్నా, నోటితో చెప్పలేకపోయాను. మీరే చూసి రండి," అంది చిన్నగా.

ఆయన పట్టీ సవరించుకున్నారు. ఉతికిన తెల్లచొక్కాతో, తుపాకీని గొడుగులా పట్టుకుని, ఈశాన్యానికి నడిచారు. ఈల పడింది. తను చెప్పినట్టే ఆయన అటూ ఇటూ చూసుకున్నారు. వంగారు. వంగితే చాటు కావాలి కదా, బిందె వెనక్కి చేరారు. బిందె ఎంత, ఆయనెంత! మొదటి గోళీ బిందెని ఖంగుమనిపించింది. రెండోది భుజం మీద, ఆ తర్వాతది బొజ్జ మీద పగిలాయి. తెల్లచొక్కా మీద నారింజ, ఆకుపచ్చ రంగులు దోస మీద నెయ్యిలా పాకాయి.

"మాస్క్ తియ్యొద్దు మామయ్యా, బయటికొచ్చినంకనే!" రిషి అరిచాడు.

చేతులెత్తి చక్రపాణి గారు బయటికి వచ్చారు. చప్పట్లు ఆగిపోయాయి. చంద్రమ్మ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆయన మాస్కు తీసి, చొక్కా వైపు చూసుకుని, ఆ మూల వైపు చూశారు.

"అన్యాయం!" అన్నారు.

హరిణి రెండడుగులు ముందుకి వేసింది. "ఏది నాన్నా?"

"ఆ మూల! మనిషన్నవాడు ఎక్కడ దాక్కుంటాడమ్మా? చుట్టూ కాలుస్తుంటే బిందె కాపాడుతుందా?"

"మరి డ్రమ్ములు..."

"డ్రమ్ములు వద్దు. ఈశాన్యంలో బరువు పనికిరాదు, ఆ మాటకి తిరుగులేదు." ఆయన కళ్ళు మూసుకున్నారు. మెట్లు లేకపోతే నిచ్చెనేసి మేడెక్కిన మనిషి, దారి మాత్రం వదిలే రకం కాదు. కళ్ళు తెరిచారు. "బరువు పనికిరాదు కానీ, గాలి పనికొస్తుంది."

"గాలిని ఎట్ల అడ్డం పెడ్తం బావగారూ?" సాయిలు నోరు తెరిచాడు.

"లారీ ట్యూబులు! గోదావరికి వరదలొచ్చినప్పుడు మేం అవి పట్టుకునే తిరిగేవాళ్ళం. గాలి కొడితే ఇంతింత లావు. ఎత్తితే దూది."

రిషి మొహం వెలిగిపోయింది. "అరే, బయటి దేశాలల్ల పెద్ద పోటీలకు పెట్టేటియి గిసుంటి గాలి నింపిన చాట్లే హరిణీ! మస్తు ఖరీదని మనమే వద్దనుకుంటిమి!"

హరిణి అప్పటికే సుమశ్రీ దగ్గరుంది. "మీరు బిర్యానీ తినండి. తినేలోపు ఈ మూల మారిపోతుంది. నచ్చకపోతే అప్పుడే వెళ్ళిపోండి."

"ఎట్లాగూ తినాలి కదా," అంది సుమశ్రీ. నవ్వింది కూడా.

సాయిలు స్కూటర్ తీసి, మెయిన్ రోడ్డు మీద తనకి తెలిసిన పంక్చర్ షాపుకి స్వయంగా వెళ్ళాడు. వచ్చేటప్పుడు వెనక ఒక ఆటో, ఆటో నిండా చదునైన నల్ల ట్యూబులు, చంద్రమ్మ ఎండబెట్టిన అప్పడాల్లా. అతుకులు పడ్డవే అన్నీ. తుపాకుల కోసం పెట్టిన గాలి మిషను ఉండనే ఉంది. ఒక్కో ట్యూబూ బుస్సుమంటూ లేచింది. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, తాళ్ళతో బిగించి, చుట్టూ మిగిలిన ఫ్లెక్సీలు చుట్టారు. కొన్ని నిలువు దొంతరలు, కొన్ని నేల మీద పొడుగ్గా పడుకోబెట్టినవి. ఈశాన్యంలో చూస్తుండగానే చిన్న ఊరు వెలిసింది. చక్రపాణి గారు ఒక దొంతరని ఒంటి చేత్తో ఎత్తి, గాల్లో ఊపి, మళ్ళీ దించారు.

"చూశారా? తేలిక. శాస్త్రం శాస్త్రమే, ఆట ఆటే." బిందె మాత్రం ఆయనే తీసి గేటు బయట పెట్టారు, మళ్ళీ సొట్టలు పడకుండా.

ఆ తర్వాత ఆడిందే ఆట. ఈల పడి ఎంతసేపయినా ఎవరూ అవుట్ కాలేదు. గోళీలు గాలి ట్యూబులకి తగిలి కొన్ని ఎగిరిపడుతున్నాయి, కొన్ని జావా సార్ నుదుటి మీద బొట్టు పెడుతున్నాయి. ఇందాక టీ తాగాలన్నవాడు ఇప్పుడు ఇసక బస్తాల వెనక పొట్ట మీద పాకుతున్నాడు. నైరుతి జట్టులో తక్కువైన చోటుకి సాయిలుని లాక్కొచ్చారు. అటువైపు చక్రపాణి గారు తనంతట తనే చేరారు. హరిణి మామగారి జట్టు. కావాలనే.

మైదానం మధ్య నుంచి ఉన్నట్టుండి ఒక కేక.

"అల్లుడూ! ఇదిగో, నీకే! మీ నాన్నగారికి తగిలింది! తగిలీ చెప్పట్లేదు, చూడవయ్యా!"

ఈల నోట్లో పెట్టుకున్న రిషి, ఈల వేయడం మరిచిపోయాడు. ఆయన పిలిచింది తననే. కూతురి మీదుగా కాదు. హరిణి డ్రమ్ము వెనక కూర్చుని, ఆ పిలుపుని మిఠాయి పొట్లంలా చెవిలో దాచుకుంది.

"పగల్లే మామయ్యా," అన్నాడు రిషి చివరికి, ఈల చేతిలోకి తీసుకుని. "పగిలితెనే అవుట్."

"అట్ల చెప్పు కొడుకా!" టైర్ల వెనక నుంచి సాయిలు.

"ఓహో, ఇంటివాళ్ళంతా ఒకటయ్యారా!" చక్రపాణి గారు గోళీల వాన కురిపించారు.

సుమశ్రీ పడుకోబెట్టిన ట్యూబు మీదుగా తల ఎత్తి, ఊపిరి అందుకుంటూ అరిచింది. "హరిణి గారూ! వచ్చే శనివారం రెండు బస్సులు తెస్తా! టెస్టింగ్ వాళ్ళూ, డెవలప్‌మెంట్ వాళ్ళూ ఎప్పట్నుంచో కొట్టుకుంటున్నారు, ఇక్కడే తేల్చుకుంటారు!"

హరిణి జవాబు చెప్పేలోపు పక్కనున్న టైర్ల వెనక సాయిలు ఫోను మోగింది. ఆయన ఒక చేత్తో తుపాకీ, ఒక చేత్తో ఫోను పట్టుకుని, మాస్కు కిందినుంచి గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"రాజనర్సయ్యా, ఇప్పుడు మాట్లాడలేను. తల ఎత్తిన్నంటే కొడ్తరు. ఎవలా? మా బావగారు... లేదు లేదు, తర్వాత సుత చెయ్యకు. జాగ లేదు. ఇచ్చేసిన. ఎవలకంటె, మా కోడలికి!"

ఎంత నేర్చుకున్నా ఇలాంటి సమయంలో ఎవరూ వంగి ఉండలేరు. హరిణి లేచి నిలబడింది. టప్. భుజం మీద నారింజ రంగు.

"అవుట్!" చక్రపాణి గారి గొంతు, ఆనందంతో.

చేతులు పైకెత్తి, పకపకా నవ్వుతూ హరిణి గేటు దగ్గరికి నడిచింది. మాస్కు తీసి కుర్చీలో కూలబడింది. చంద్రమ్మ మంచినీళ్ళ గ్లాసు ఇస్తూ ఎగాదిగా చూసింది.

"ఓడిపోయినవు గదనే, గట్ల నవ్వుతవేంది బిడ్డా?"

"అత్తమ్మా, జాగా మనకే ఇచ్చేశారు మామయ్యగారు. ఇప్పుడే ఫోన్లో చెప్పారు, నా చెవులతో విన్నాను."

"నిజంగనా?"

"ఒట్టు."

చంద్రమ్మ గరిటె గిన్నెలో పెట్టింది. కొంగు నడుముకి దోపింది. బల్ల మీదున్న మాస్కుల్లోంచి ఒకటి ఏరుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, కోడలి ముందుకి చాపింది.

"ఐతె నాకోటి ఎట్ల పెట్టుకోవాల్నో చూపియ్యి. మీ మామ గా టైర్ల ఎన్కనే ఉన్నడు గద? పెండ్లయినప్పటి సంది చూస్తున్న, కొట్టేటందుకు గింత మంచి మోక మల్ల దొరకదు."